తొమ్మిదో గ్రీన్ మీద మంచు

వాచ్‌మన్ కణతకి గోల్ఫ్ బంతి తగిలి చనిపోయాడని రిపోర్టులో రాశారు. అప్పటికి ఆ మైదానం ఇంకా తెరవనే లేదు. రిపేర్లు జరుగుతున్నాయి. ఒక్క మనిషి కూడా అక్కడ కర్ర పట్టుకుని బంతి కొట్టింది లేదు. మరి ఆ బంతి ఎవడు కొట్టాడని ఎవరూ అడగలేదు. రిపోర్టు రాసినవాడు చదువుకున్నవాడు. కింద సంతకం పెట్టినవాడు ఇంకా చదువుకున్నవాడు. అలాంటివాళ్లకి ప్రశ్నలు తొందరగా రావు.

ఆ వాచ్‌మన్ నిజానికి వాచ్‌మన్ కాదు. ఏజెంట్ థర్టీసెవెన్.

నాలుగో రోజు పొద్దున ఏజెంట్ ఫార్టీవన్ ఒక డ్రైక్లీనింగ్ షాపుకి వెళ్లి, బూడిదరంగు కోటు తీసి కౌంటర్ మీద పెట్టాడు.

“మరక పాతది,” అన్నాడు.

“పాత మరకలే మాకు అలవాటు,” అన్నాడు కౌంటర్‌లో మనిషి తల ఎత్తకుండా.

ఇరవై రెండేళ్లుగా అదే కోటు, అదే మాట. చీఫ్ పిలిచిన ప్రతిసారీ ఆ కోటుని నిజంగానే ఉతికి ఇస్తారు. ఉతికీ ఉతికీ అది దోమతెరలా తయారైంది. లోపలి మనిషీ ఇంచుమించు అంతే. వయసు యాభై రెండు. ఎనిమిదో క్లాసులో బడి మానేసినవాడు. నడుం నొప్పి, ఎడమ చెవిలో హోరు.

వేలాడే బట్టల వరసల్ని తప్పించుకుంటూ వెనక గదికి వెళ్తే, ఆవిరి వాసన మధ్య చీఫ్ కూర్చుని ఉన్నాడు. టేబుల్ మీద ఒకే ఒక ఫైలు. చీఫ్ బ్రీఫింగ్ ఎప్పుడూ టెలిగ్రాం భాషలోనే ఉంటుంది.

ఒక యూనివర్సిటీ క్యాంపస్. అందులో తొంభై ఏళ్ల నాటి గోల్ఫ్ మైదానం, తొమ్మిది హోల్స్. యుద్ధం రోజుల్లో దున్నేసి బంగాళాదుంపలు వేశారు. ఆ తర్వాత లారీలు నిలిపారు. ఆ తర్వాత కూల్చిన గోడల రాళ్లన్నీ అక్కడే పారబోశారు. ఇప్పుడు పాత డ్రాయింగులు దొరికితే, వాటిని పట్టుకుని గజం గజం పూర్వంలాగే కట్టిస్తున్నారు. పదకొండు నెలల్లో ఓపెనింగ్.

అదే క్యాంపస్‌లో ఒక లెక్కల ప్రొఫెసర్. వయసు ఎనభై. ఒక విదేశీ ముఠా ఈ దేశంలో మనుషుల్ని కొని, వాళ్ల పేర్లు ఒక కోడ్‌లో దాచుకుంది. ఆ కోడ్ విప్పింది ఈ ముసలాయనే. పేర్లన్నీ ఒక నోట్‌బుక్‌లో, తనకి తప్ప ఎవరికీ అర్థం కాని గీతల్లో రాసి పెట్టుకున్నాడు. కాబట్టి ముఠాకి నోట్‌బుక్ దొంగిలించి లాభం లేదు. మనిషిని తీసెయ్యాలి.

“మరి నోట్‌బుక్ ఇచ్చెయ్యమని అడగొచ్చుగా, సార్?”

“అడిగాం. ఓపెనింగ్ రోజు తన చేత్తో మొదటి పట్ కొట్టాకే ఇస్తాడట.” చీఫ్ కళ్లు నులుముకున్నాడు. “వాళ్ల నాన్న ఆ మైదానంలో తొమ్మిదో హోల్ దగ్గర నాలుగడుగుల పట్ కొట్టి బంతిని కన్నంలోకి దొర్లించలేక పోటీలో కప్పు పోగొట్టుకున్నాడు. ఇంట్లో అరవై ఏళ్లు అదే గోల. ఆ బంతి ఈయన వేస్తాడట.”

అప్పటిదాకా ప్రొఫెసర్ ల్యాబు గడప దాటడు. తిండీ నిద్రా అక్కడే, మూడు తాళాల వెనక. ఆయన ఆరుబయట నేల మీద కాలు పెట్టేది ఓపెనింగ్ రోజు ఒక్కటే. కాపలా పెడదామంటే ఒప్పుకోడు. ఆయన పెళ్లయిన కొత్తలో మనవాళ్లే ఆయన ఫోన్ ట్యాప్ చేసి, మొగుడూ పెళ్లాల తగాదాలన్నీ టైపు కొట్టి ఫైల్ చేశారు. అది ఆయన చేతికి చిక్కింది. ప్రహరీ లోపల ఒక్క గూఢచారి వాసన తగిలినా నోట్‌బుక్ స్టవ్ మీద పెడతానన్నాడు. పెట్టే రకమే.

“అందుకని నువ్వు మాలివి,” అన్నాడు చీఫ్. “ఏం జరిగినా మాలివే. ఆయన బతికున్నంత కాలం మాలివే.”

క్యాంపస్ అంతటా జామర్లు. ఫోన్ పలకదు, రిమోట్ పని చెయ్యదు. లోపల మన మనిషి ఒకామె ఉంది. మైదానాన్ని తీర్చిదిద్దుతున్న డిజైనర్. ముఠాలోనూ ఆమె ఉంది. మనకోసమే అక్కడున్నానని మనతో అంటుంది. అక్కడ ఏమంటుందో చీఫ్‌కే తెలీదు.

ఫార్టీవన్ ఫైలు మూసి, ఇదే ఆఖరి పని చేసుకోవచ్చా అని అడిగాడు. నోట్‌బుక్ నా చేతిలో పడ్డాక నీ ఇష్టం, కావాలంటే ఆ మాలి ఉద్యోగంలోనే ఉండిపో, అని నవ్వాడు చీఫ్. ఫార్టీవన్ నవ్వలేదు.

వెళ్లేటప్పుడు గాడ్జెట్ సెక్షన్ వాడు ఒక తేమ మీటర్ ఇచ్చాడు. నేలలో గుచ్చితే తడి ఎంతుందో చూపిస్తుంది, పిడి తిప్పితే రేడియో అవుతుంది. క్యాంపస్‌లో జామర్లున్నాయని పక్కగదిలో ఉన్న అతనికి ఎవరూ చెప్పలేదు. రేడియో ఒక్కనాడూ పలకలేదు. తేమ మాత్రం బ్రహ్మాండంగా చూపించేది.

*

మైదానానికి పెద్దమాలి ఒకాయన ఉన్నాడు. అందరూ పెద్దాయన అనేవాళ్లు. అరవై ఎనిమిదేళ్లు, అరిగిపోయిన మోకాళ్లు, ఎవర్ని చూసినా “ఒరే అబ్బాయ్” అనే నోరు. కొత్తగా వచ్చిన ఫార్టీవన్ని ఎగాదిగా చూసి, నీ చేతులు మాలి చేతులు కావురా, అన్నాడు. ఫార్టీవన్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. నేర్పితే అవుతాయిలే, అని పెద్దాయన కత్తెర చేతిలో పెట్టాడు.

నేర్పాడు. గ్రీన్ అంటే హోల్ చుట్టూ ఉండే పచ్చిక. దాన్ని మూడు మిల్లీమీటర్లకి కత్తిరించాలి, అరమిల్లీ తేడా వస్తే తెల్లారేసరికి పెద్దాయన బూతులు వినాలి. హోల్ ఏ రోజూ నిన్నటి చోట ఉండకూడదు. ఒకేచోట ఉంటే జనం తొక్కి తొక్కి గడ్డి చస్తుంది. అందుకని రోజూ పొద్దున రెండు పిడులున్న గొట్టం లాంటి కట్టర్‌తో కొత్త చోట నేలని కోసి, పైకొచ్చిన మట్టిదిమ్మని పాత కన్నంలో బిగించి, నీళ్లు కొట్టాలి. కట్టర్ దింపడం అంత తేలిక కాదు. ఒంటి బరువంతా వేసి తిప్పితేగానీ దిగదు. తొమ్మిది కన్నాలయ్యేసరికి మణికట్లు సలుపుతాయి.

అన్నిటికంటే ముందు మంచు దులపాలి. పొడవాటి వంగే బద్ద పట్టుకుని, పచ్చిక మీద ఇటునించి అటు లాగాలి. తెల్లగా ఉన్న గ్రీన్ మీద బద్ద పోయినమేరా పచ్చటి చార పడుతుంది. ఆ పని ఫార్టీవన్‌కి నచ్చింది. ఇరవై రెండేళ్లలో అతను చేసిన పనుల్లో, చేశాక కళ్లకి కనిపించేది అదొక్కటే.

పంపుషెడ్డు వెనక రెండు గదుల క్వార్టర్స్ ఇచ్చారు. భార్యని తీసుకొచ్చాడు. ఆమె ఇప్పటికి పద్దెనిమిది ఇళ్లు మారింది. ప్రతి ఇంట్లోనూ గడియారాన్ని కిటికీలోనే నిలబెట్టేది, గోడకి మేకు కొట్టేది కాదు. ఎందుకని అతను అడగలేదు. మీరు ఏం పని చేస్తారని ఆమె కూడా అడగలేదు. కాపరం అలా సర్దుకుపోయింది. ఇక్కడికొచ్చిన ఏడో నెలలో ఒకరోజు అతను భోజనానికి వచ్చేసరికి గడియారం గోడ మీద ఉంది. మేకు కాస్త వంకరగా దిగింది. అతను ఆ మేకు వంకే చూస్తూ అన్నం తిన్నాడు. చీఫ్ నవ్వుతూ అన్న మాట అప్పటినుంచి అతని బుర్రలో నవ్వులాటగా లేదు. ముసలాయన బతకాలి. నోట్‌బుక్ చీఫ్‌కి చేరాలి. ఆ తర్వాత ఈ గోడ, ఈ మేకు, ఆ గడ్డి. ఇంకేం అక్కర్లేదు.

డిజైనర్ మేడమ్ వారానికి రెండుసార్లు వచ్చేది. మోకాళ్లదాకా బూట్లు, నల్లకళ్లద్దాలు, మెడకి ఎర్ర స్కార్ఫ్. ఆమె నడిచిపోయిన గంటకి కూడా గ్రీన్ మీద సెంటు వాసన ఉండేది. మొదటిసారి కలిసినప్పుడు, గడ్డికి దాహంగా ఉందా, అని అడిగింది. వేళ్లకే తెలుసు, అన్నాడతను. కోడ్ కలిసింది. ఆ తర్వాత చాలా నెలలు చెప్పుకోవడానికి ఏమీ లేక, పంపుషెడ్డు మెట్ల మీద టీ తాగుతూ నిజంగా గడ్డి గురించే మాట్లాడుకున్నారు. ఆమె ఇద్దరు యజమానుల దగ్గర పనిచేస్తున్న మనిషి. అడకత్తెరలో పోకచెక్క. గడ్డి గురించి వింటుంటే కాసేపు నిద్రపోయినట్టుంటుందని ఒకసారి అంది.

అలాంటి ఒక పొద్దున ఫార్టీవన్ కొంచెం గొప్పకి పోయాడు. ఎర్ర స్కార్ఫ్ ముందు గొప్పలు పోని మగాడెవడు.

“దీన్ని మంచంటారు గానీ సగం మంచు కాదు మేడమ్. వేళ్లు రాత్రంతా నీళ్లు తాగి, పొద్దునకి గడ్డి కొసనుంచి చుక్క వదుల్తాయి. వేరు తెగితే చుక్క రాదు. నిన్న దిమ్మ పెట్టిన చోటు చూడండి, చుట్టూ తెల్లగా ఉంటుంది, అక్కడ అరచెయ్యంత పొడిగా ఉంటుంది. మధ్యాహ్నానికి ఎంత తెలివైనవాడికీ కనపడదు. తెల్లారుగట్ల గుడ్డివాడికీ కనపడుతుంది.”

ఆమె కళ్లద్దాలు తీసి ఆ అరచేతి మచ్చని చాలాసేపు చూసింది. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, అంది. పుస్తకాలు రాసేవాళ్లు తెల్లారుగట్ల లేవరు, అన్నాడు.

ఓపెనింగ్‌కి పది రోజుల ముందు ఆమె కోడ్‌లో కాదు, మామూలు మాటల్లోనే గబగబా చెప్పేసింది. ముఠా మనిషి వస్తున్నాడు. పని జరిగేది తొమ్మిదో హోల్ దగ్గర. ఎలాగో ఆమెకీ చెప్పలేదు. అతనొచ్చాక ఆమె పక్కనించి అంగుళం కదలడు, కాబట్టి మళ్లీ మాట్లాడటం కుదరదు.

*

వచ్చాడు. మంచి ఎత్తు, తెల్ల టోపీ, నవ్వు చెదరని మొహం. పాత మైదానాల సంరక్షణ కోసం పనిచేసే ఒక విదేశీ సంఘానికి అధ్యక్షుడినని చెప్పుకున్నాడు. ఆ రోజుల నాటి అచ్చులో పోయించిన బంతి ఒకటి, మఖ్మల్ పెట్టెలో పెట్టుకుని కానుకగా తెచ్చాడు. వైస్ చాన్సలర్ ఆయన చెయ్యి పట్టుకుంటే రెండు నిమిషాలు వదల్లేదు. మాలీలు అతనికి టోపీదొర అని పేరు పెట్టారు.

ఫార్టీవన్ తొమ్మిదో గ్రీన్‌ని జల్లెడ పట్టాడు. జెండా కర్ర విప్పి చూశాడు. బెంచీల కింద పాకాడు. బంకర్ అనే ఇసుక గుంటనంతా రేక్‌తో గీకాడు. మైకు స్టాండు, పూలకుండీలు, టెంటు మేకులు, అన్నీ చూశాడు. ఓపెనింగ్ ముందురోజు సాయంత్రం టోపీదొర గ్రీన్ మీద చిన్న గుడారం వేయించాడు. తొంభై ఏళ్ల కిందట హోల్ సరిగ్గా ఎక్కడుండేదో పాత డ్రాయింగు పెట్టి కొలుస్తారట, గాలికి టేపు కదలకూడదట. మాలీలు పక్కకి వెళ్లాలని వైస్ చాన్సలర్ సంతకంతో కాగితం. గంట తర్వాత గుడారం తీసేశారు. పచ్చిక మీద తెల్లరంగు చుక్క ఒకటి మిగిలింది. ఓపెనింగ్ రోజు హోల్ కోయాల్సింది అక్కడ. ఫార్టీవన్ మోకాళ్ల మీద కూర్చుని ఆ చుట్టూ అంగుళం అంగుళం తడిమాడు. ఏమీ లేదు. రేపు మంచు పడ్డాక తెలుస్తుందిలే అనుకుని ఇంటికి పోయాడు.

మర్నాడు ఇంకా మసకగా ఉండగానే బద్ద భుజాన వేసుకుని బయల్దేరాడు. ఒకటి నుంచి ఎనిమిది దాకా గ్రీన్స్ పాలు పోసినట్టు తెల్లగా ఉన్నాయి. తొమ్మిదోది పచ్చగా ఉంది. ఎవరో అప్పుడే మంచు దులిపేశారు.

పెద్దాయన, అనుకున్నాడు. నిన్న తన నడుంనొప్పి చూసి, ఆయనే ముందు లేచి ఒక గ్రీన్ తగ్గించాడు. కళ్లు చెమర్చినంత పనైంది. తెల్లచుక్క మీద కట్టర్ ఆనించి ఒంటి బరువు వేశాడు. అది వెన్నలో దిగినట్టు దిగిపోయింది. మణికట్టుకి తెలియనే లేదు. ఈ రోజు మన రోజు, అనుకున్నాడు. దిమ్మ పైకి తీసి, మసకలో చూసీ చూడనట్టు పాత కన్నంలో పెట్టి బూటుతో అదిమాడు. కొత్త కన్నంలో బంతి పడే గిన్నెలాంటి కప్పు దింపి, జెండా గుచ్చి, మిగతా ఎనిమిదింటికీ పోయాడు.

అలిసిపోయినవాడు సులువుని అనుమానించడు. సర్వీసులో చేరిన మొదటివారమే ఈ మాట చెప్తారు. చెప్పేవాడికి అప్పటికి అలుపంటే తెలీదు, వినేవాడికీ తెలీదు.

*

పదిన్నరకి టెంటు నిండింది. వైస్ చాన్సలర్ ఇరవై నిమిషాలు మాట్లాడాడు. తర్వాత మాట్లాడినాయన వైస్ చాన్సలర్ ఎంత బాగా మాట్లాడాడో మాట్లాడాడు. ప్రొఫెసర్ ముందువరసలో, తండ్రి పట్ కొట్టిన కర్ర, ఆ పటర్‌ని ఒళ్లో పెట్టుకుని, ఎవరి మాటా వినకుండా హోల్ వంకే చూస్తున్నాడు. పెళ్లిచూపులకి వచ్చిన కుర్రాడిలా కాళ్లు ఊపుతున్నాడు. పటర్‌కి కొత్త తోలు చుట్టించాడు. ఆ చుట్టడం తనే చేసుకున్నాడని చూస్తేనే తెలుస్తోంది.

గ్రీన్ అంచున తాడు పక్కన ఫార్టీవన్, పెద్దాయన నిలబడి ఉన్నారు.

“బాబాయ్, పొద్దున తొమ్మిదోది దులిపావుగా. చాలా సాయం చేశావు,” అన్నాడు ఫార్టీవన్.

“నేనా?” అన్నాడు పెద్దాయన. “ఈ మోకాలితో రెండు రోజులై ఈ గట్టు ఎక్కలేదురా అబ్బాయ్. ఇప్పుడు ఎక్కాను, ఎలా దిగాలో తెలీట్లేదు.”

ఫార్టీవన్ ఎడమ చెవిలో హోరు ఆగిపోయింది.

దులిపింది పెద్దాయన కాదు. మంచు దులిపితే అరచేతి మచ్చ పోతుందని ఈ క్యాంపస్‌లో ఇంకెవరికి తెలుసు? ఒక్క మనిషికి. తనే చెప్పాడు, టీ తాగుతూ, గొప్పగా. మచ్చ ఉందంటే అక్కడ ముందే ఎవరో కోశారు. అందుకే కట్టర్ వెన్నలోలా దిగింది. ఒకే పొద్దున రెండు సులువులు. ఇరవై రెండేళ్లలో అతనికి ఒక్కటి కూడా దొరకలేదు.

పచ్చిక సరిచేస్తున్నవాడిలా వంగి, పాత కన్నంలో పెట్టిన దిమ్మని కత్తితో పైకి లేపాడు. పైన రెండంగుళాలు గడ్డీ వేళ్లూ. కింద కాఫీరంగు తడిమట్టి ఉండాలి. పొడి తెల్ల ఇసుక ఉంది. సంచుల్లో కొనుక్కొచ్చే ఇసుక. నిన్న గుడారంలో ఆ తెల్లచుక్క కింద లోతుగా తవ్వి, ఏదో పెట్టి, పైన ఇసుక నింపి, మూత పెట్టారు. ఆ మూత తియ్యడానికీ, పైన కప్పు పెట్టడానికీ మాలి ఎలాగూ ఉన్నాడు. ముఠా పని తన చేతులతోనే పూర్తయింది.

జామర్ల కింద రిమోట్ పని చెయ్యదు. మరి పేల్చేదేమిటి? వేదిక మీద టోపీదొర మఖ్మల్ పెట్టె తెరిచి బంతిని ప్రొఫెసర్ చేతిలో పెడుతున్నాడు. చప్పట్లు. బంతి. బంతి కప్పులో పడితే చాలు.

అరిస్తే? బాంబు అని ఒక్క మాట అంటే, మాలికి ఎలా తెలుసని అడుగుతారు. సాయంత్రానికి నోట్‌బుక్ స్టవ్ మీద ఉంటుంది. పోయిన థర్టీసెవెన్ ఊరికే పోయినవాడవుతాడు. అరవకపోతే ముసలాయన ముక్కలవుతాడు.

జెండా దగ్గర బ్లేజర్ వేసుకున్న లెక్చరర్ ఒకాయన నిలబడ్డాడు. ఫార్టీవన్ తిన్నగా వెళ్లి కర్ర మీద చెయ్యి వేశాడు. జెండా మాలి పట్టుకోవాలి సార్, తొంభై ఏళ్ల కింద అలాగే ఉండేదట, పాత ఫోటోలో ఉంది, అన్నాడు. ఏ ఫోటో అని లెక్చరర్ అడగలేదు. పాతదన్నాక చాలు. తల ఊపి పక్కకి తప్పుకున్నాడు.

ఈ ఆటలో జెండా పట్టుకున్నవాడి పని ఒక్కటే. బంతి దొర్లుకుంటూ వస్తుండగా కర్ర పైకి లాగి తప్పుకోవాలి.

ప్రొఫెసర్ బంతిని నాలుగడుగుల దూరంలో పెట్టాడు. రెండుసార్లు గాల్లో ఊపి చూసుకున్నాడు. టోపీదొర చిరునవ్వు చెదరకుండా మూడడుగులు వెనక్కి, మరో మూడడుగులు పక్కకి జరిగి, గ్రీన్ అంచున ఉన్న పాత రాతిగోడ వెనక నిలబడ్డాడు. డిజైనర్ జరగలేదు. హోల్‌కి పది అడుగుల్లో, చేతులు కట్టుకుని, నల్లద్దాల్లోంచి ఫార్టీవన్ వంకే చూస్తూ నిలబడింది.

టక్.

బంతి బయల్దేరింది. నిదానంగా, అలవాటైన ఇంటికి వస్తున్న పిల్లిలా వస్తోంది. ఫార్టీవన్ జెండా పైకి లాగాడు. తప్పుకోలేదు. ఎడమ బూటు ఎత్తి సరిగ్గా కన్నం మీద పెట్టాడు.

బంతి వచ్చి బూటు కొసకి తగిలి, వెనక్కి పోలేదు. కొసన ఉన్న ఇనప రేకుకి కర్చుకుని అలాగే ఉండిపోయింది. లోపల అయస్కాంతం, కింద పెట్టినదాన్ని పేల్చేది అదే.

మూడు వందల మంది ఒక్కసారి ఊపిరి బిగబట్టి, ఒక్కసారే వదిలారు. ఫార్టీవన్ జారి పడబోయినవాడిలా కుంటి, కాలు పక్కకి తీసి, వంగి బంతిని జేబులో వేసుకున్నాడు. ఆ వంగడంలోనే ప్రొఫెసర్ పటర్ అతని మోకాలి చిప్ప మీద పడింది.

“మా నాన్న బంతిరా అది,” అన్నాడు ప్రొఫెసర్. గొంతు పీలగా ఉంది. “అరవై ఏళ్లు భోజనాల దగ్గర విన్నాను. తిన్నగా వెళ్తోంది, నా కళ్లతో చూశాను. నీ బూటు పెట్టడానికి ఈ భూమ్మీద ఇంకెక్కడా చోటు దొరకలేదా?”

ఫార్టీవన్ చేతులు కట్టుకుని తల వంచుకున్నాడు. కళ్లు తిరిగాయి సార్, అన్నాడు. తర్వాత వైస్ చాన్సలర్ వంతు వచ్చింది. అప్పుడూ అదే అన్నాడు.

*

టోపీదొర మనసు నొచ్చుకున్న మనిషిలా నడిచి కారెక్కాడు. గేటు దాటాక డ్రైవర్ తనవాడు కాదని తెలుసుకున్నాడు. ఫార్టీవన్ గేటు బయటికెళ్లి ఫోన్ చేసొచ్చాక, మధ్యాహ్నం నలుగురు ప్లంబర్లు పైపు పగిలిందని తొమ్మిదో గ్రీన్ చుట్టూ తడికలు కట్టి, కన్నం కిందనించి టిఫిన్ క్యారియర్ అంత డబ్బా ఒకటి బయటికి తీసి, ఊపిరి పీల్చకుండా మోసుకుపోయారు. గ్రీన్ మధ్యలో సమాధంత గొయ్యి మిగిలింది. పెద్దాయన దాని అంచున కూర్చుని ప్లంబర్ల వంశాన్ని తాతల దాకా తిట్టాడు.

డిజైనర్ పంపుషెడ్డు మెట్ల మీద ఉంది. స్కార్ఫ్ లేదు.

“ఐదు నిమిషాలు దొరికాయి నాకు,” అంది. “వాడు స్నానానికి వెళ్లినప్పుడు. చెప్పడానికి మీరు లేరు, రాయడానికి వీల్లేదు. మీ బద్ద లాంటిదే షెడ్డులో ఇంకోటి ఉంటే తీసుకుని దులిపాను. దులిపి ఉంటే మీకు అనుమానం వస్తుందనుకున్నాను.”

“నేను పెద్దాయన దయ అనుకున్నాను.”

ఆమె అతని మొహంలోకి చూసింది. “అంత అలిసిపోయారా?”

ఆమె చెప్పింది నిజమే కావచ్చు. ముట్టకుండా వదిలేస్తే మచ్చ ఎలాగూ తనకి కనపడేది కాబట్టి, దాన్ని దాచమని టోపీదొర చెప్తే దులిపి, వ్యవహారం ఇటు తిరిగాక ఈ కథ అల్లిందీ కావచ్చు. కానీ పక్కకి జరగలేదు. అది అతను కళ్లతో చూశాడు. డబ్బాలో ఏముందో వాడు ఆమెకి చెప్పకపోతే జరగకుండా ఉండటంలో గొప్పేముంది అని కూడా అనుకున్నాడు. ఎన్ని చేసినా ఇంకో వైపు ఇంకోటి కనబడుతూనే ఉంటుంది. ఇరవై రెండేళ్లు ఇదే పని. ఆ రాత్రి రిపోర్టులో ఒక్క వాక్యం రాశాడు: తొమ్మిదో గ్రీన్ మీద మంచు దులిపి ఉంది, ఎవరన్నది తెలియలేదు.

అప్పటికి ఆమె టీ గ్లాసు కడిగి మెట్టు మీద బోర్లించి వెళ్లిపోయింది.

మూడో రోజు మళ్లీ డ్రైక్లీనింగ్ షాపు. మరక పాతది. పాత మరకలే మాకు అలవాటు.

చీఫ్ లేచి నిలబడి చెయ్యి కలిపాడు. అది ఎప్పుడూ జరగలేదు కాబట్టి ఫార్టీవన్‌కి అక్కడే అర్థమైపోయింది.

“నోట్‌బుక్ ఇస్తానంటున్నాడు,” అన్నాడు చీఫ్. “షరతు ఒకటి పెట్టాడు.”

ఫార్టీవన్ కుర్చీలో కూర్చున్నాడు.

“ఆ మాలిని తీసేస్తేనే అంటున్నాడు. వాడి మొహం క్యాంపస్‌లో మళ్లీ కనిపించకూడదట.”

నిజం చెప్పెయ్యొచ్చుగా అని అతను అడగలేదు. చెప్తే స్టవ్. చెప్పకపోతే ఈ కాగితం. చీఫ్ దాన్ని టేబుల్ మీద ఇటు తోశాడు. వైస్ చాన్సలర్ సంతకం అప్పుడే పడి ఉంది. కారణం అన్నచోట, పచ్చిక పని మీద శ్రద్ధ లేకపోవడం, అని టైపు కొట్టారు. ఫార్టీవన్ ఆ ఒక్క లైను మాత్రం రెండుసార్లు చదివాడు. తర్వాత కింద సంతకం చేశాడు.

కౌంటర్‌లో మనిషి కోటు చేతికిచ్చాడు. మడత పెట్టి, కాగితం చుట్టి.

*

ఉద్యోగం పోయిందని భార్యకి చెప్పాడు. రెండు పెట్టెలు సర్దింది. గడియారం తీసి బట్టల మధ్య పెట్టింది. గోడ దగ్గర నిలబడి, మేకు పీకెయ్యాలా, వచ్చేవాళ్లకి పనికొస్తుందా, అని అడిగింది. ఉంచమన్నాడు.

పొద్దున్నే బయల్దేరారు. పెట్టెలు మోసుకుంటూ మైదానం పక్క దారిన వస్తుంటే తొమ్మిదో గ్రీన్ మీద మనుషులు కనిపించారు. గొయ్యి పూడ్చి కొత్త పచ్చిక పరిచారు. పెద్దాయన జెండా పట్టుకుని ఒంటికాలి మీద బరువు మోపి నిలబడి ఉన్నాడు. ప్రొఫెసర్ నాలుగడుగుల దూరంలో వంగి ఉన్నాడు.

మొదటి బంతి కన్నానికి కుడివైపునించి పోయింది. రెండోది ఎడమనించి. మూడోది కన్నందాకా రాలేదు. నాలుగోది ఆగలేదు. ఐదోసారి కొత్త పచ్చిక బాగోలేదన్నాడు, ఆరోసారి పెద్దాయన నీడ అడ్డమొచ్చిందన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వ్యవహారం.

ఆమె పెట్టె కింద పెట్టి అలుపు తీర్చుకుంటూ చూస్తోంది.

“మిమ్మల్ని తీసేయించింది ఆయనేనా?”

“ఆయనే.”

“బంతికి కాలు అడ్డం పెట్టారనేనా?”

“ఊఁ.”

ఏడో బంతి కన్నం అంచుదాకా వచ్చి, తొంగిచూసి, పక్కకి తిరిగి వెళ్లిపోయింది. ఆమె పెట్టె మళ్లీ చేతిలోకి తీసుకుంది.

“అనవసరంగా పెట్టారండీ,” అంది. “ఎలాగూ పడేది కాదు.”